పడవ నిమ్మకాయ

"పడవ కింద పెట్టి తొక్కించాల్సిన నిమ్మకాయేదిరా?" పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డున నిలబడి కేకేసింది అమ్మ రాఘవమ్మ.

ఏడుకొండలు చేతిలో గ్లాసు ఆగిపోయింది. గోవా బార్లో పనిచేసే అతను, కొత్త పడవ నీళ్లలోకి దిగుతున్న సంబరానికి జిన్ను, పంచదార, సోడా కలిపి అందులో పిండింది ఆ కాయనే.

"దిష్టికాయ తాగేస్తావట్రా!"

"ఆయన పడవకీ తొక్కించాంగా అత్తా. వెనక్కొచ్చారా?" అంది వదిన దుర్గ.

అన్న సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. పోయాడనే మాట అమ్మ ఇంట్లో ఎవర్నీ అననివ్వదు.

దుర్గ గ్లాసు లాక్కుని అలల వైపు నడిచింది. "ఇది ఆయనకి పోసొస్తా."

రాఘవమ్మ వెనకే వెళ్లి గ్లాసు పట్టుకుంది.

"ఆగవే. వాడికి తీపెక్కువుండాలి. ఒరే, ఇంకాస్త పంచదార వెయ్యి."