ఎర్రావు చెవులు

ఆదిలాబాద్ చలికి తోడు మూడు రోజులుగా పొగమంచు విడవలేదు. ఎండ లేక ఎర్రావు మెడలోని సోలార్ పట్టీ ఆగిపోయింది. ఊళ్లో పట్టీ లేని పశువు లేదు. జ్వరమో, ఆకలో, ఈతకొచ్చిందో పదేళ్లుగా ఫోనులో చెప్పేది అదే.

ఈ పొద్దున ఎర్రావు మేత ముట్టలేదు, వణుకుతోంది. పోసవ్వ పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"చెవులు పట్టి సూడమ్మా. రోజుకన్న సల్లగున్నయా?" అన్నాడాయన.

ఒకప్పుడు అత్త రోజూ కొట్టంలోకి వెళ్లగానే ఆవుల చెవులు తడిమేది. పోసవ్వకది చాదస్తంగా తోచేది. ఇప్పుడు తను చెయ్యి చాపితే ఎర్రావు బెదిరి తల విదిలించింది. బతిమాలి, బతిమాలి పట్టుకుంది.

"సల్లగనే ఉన్నయి సారూ," అని మళ్లీ తడిమింది. "రోజు ఎట్లుంటయో నాకెర్కలేదు. నేనెన్నడు ముట్టలే."