తీసేసిన గడి

“ఆ గడి తీసింది నేనే అక్కా,” అంది అమల.

“కాదు, నేను తీసిన. ఆ పిల్లకేం తెల్వదు,” అన్నాడు వైకుంఠం.

సుజన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మలక్‌పేటలోని ఆ ఆఫీసులో ఐదేళ్లుగా ఆమె వింటున్నది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. యాప్‌లో ఏమేం ఉండాలో నిర్ణయించేది సుజన జట్టు. అవి తెర మీద ఎలా కనబడాలో గీసేది అమల జట్టు. గీసినదాన్ని నడిపించేది వైకుంఠం జట్టు. ఏ తప్పు బయటపడినా, కాలుతున్న గిన్నెలా పక్కవాళ్ల చేతికి అందించడమే మూడు జట్ల అలవాటు.

“మీ బొమ్మలు గోడకు తగిలించుకోండ్రి, గవి నడవయి,” అనేవాడు వైకుంఠం.

“బొమ్మ మస్తుగనే ఉందన్నా, మీ చేతులే వంకర,” అనేది అమల.

అలాంటివాళ్లు ఈ రోజు ఒకే తప్పు కోసం పోటీ పడుతున్నారు.

అది అంబులెన్సును పిలిచే యాప్. పన్నెండు రోజుల కిందట ఛత్రినాకలో సుజన అన్న జగదీశ్వర్‌కు గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. చెల్లెలి యాప్ కదా అని దానితోనే బండిని పిలిచాడు. ఇంటి నంబరు సరిగ్గానే కొట్టాడు. అయితే ఆ బస్తీలో నంబర్లు వరుసగా ఉండవు. ఒకటి ఈ గల్లీలో ఉంటే, దాని తర్వాతిది మరో గల్లీలో ఉంటుంది. మ్యాపులోని చుక్క కూడా రెండు గల్లీల అవతల పడింది. అందుకే అక్కడివాళ్లు ఇల్లు ఎక్కడంటే నంబరు చెప్పరు, పిండిగిర్నీ వెనక అంటారు. ఆ మాట రాయడానికి పాత యాప్‌లో ‘దగ్గర్లో ఏముంది?’ అనే గడి ఉండేది. కొత్తదానిలో లేదు. డ్రైవరు ఫోన్ చేసేసరికి జగదీశ్వర్ ఎత్తే స్థితిలో లేడు. బండి నలభై నిమిషాలు తిరిగింది.

కర్మకాండ ముగించుకుని ఆఫీసుకు వచ్చిన సుజనకు కావలసింది ఒక్కటే. ఆ గడిని ఎవరు తీశారు?

“ఎందుకు తీసినవ్?” అని అమలను అడిగింది.

“తెర ఇరుకైందక్కా.”

“సర్వరు మీద భారం పడుతుందని నేనే తీసిన,” అన్నాడు వైకుంఠం.

రెండు కారణాలూ ఒకదానితో ఒకటి అతకలేదు.

“మార్పుల చిట్టా చూపియ్యుండ్రి.”

“పాతది తెరుచుకుంటలేదమ్మా. ఇగ ఇడిసిపెట్టు.”

“ఇడిసిపెట్టాల్నా? పోయింది మా అన్న!”

“ఎరుకే బిడ్డా,” అన్నాడు వైకుంఠం. అమల కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నానికి వైకుంఠం రాజీనామా కాగితం తెచ్చి సుజన బల్ల మీద పెట్టాడు. అతని ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లున్నాయి.

“గిది తీసుకో. ఇగ ఈ లొల్లి నాతోనే పోనీ.”

“నా ముంగట నిలబడకన్నా,” అంది సుజన, తల ఎత్తకుండా.

అతడు టిఫిన్ క్యారియర్ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రాజీనామాను ఆమోదించమని సుజన యాజమాన్యానికి లేఖ రాసింది. అందులో ఆ గడి తీసిన తేదీ వేయవలసి వచ్చింది. తెరుచుకోదన్న చిట్టా ఒక్క నొక్కుకే తెరుచుకుంది. కొత్త యాప్ కోసం ఒక్క వారంలో చేసిన నూట నలభై మార్పులు వరుసగా ఉన్నాయి. ఆమె వేలు అరవై రెండో వరుస దగ్గర ఆగింది.

‘దగ్గర్లో ఏముంది?’ గడి తొలగింపు; కారణం, బండిని పిలిచేటప్పుడు పది సెకన్లు ఆదా; వద్దన్నవారు, అమల, వైకుంఠం; తీసేయమన్నవారు, సుజన.