వెనక నిలబడి చెప్పేవాడు

తమ్ముడికి అన్న మీద కోపం ఈనాటిది కాదు. తండ్రి పోతూ పోతూ కార్ల షెడ్డు పెద్దవాడి పేర రాశాడు. చిన్నవాడికి అదే షెడ్డులో పానాలూ స్క్రూడ్రైవర్లూ అందించే బతుకు మిగిల్చాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అన్న షెడ్డు తెరవలేదు. అలాగని దాన్ని అమ్మెయ్యనూ లేదు. తమ్ముడు బేరం కుదుర్చుకుని వస్తే అడ్డంగా తలూపాడు.

"నాన్న కారు సిగ్నళ్ళు చచ్చి పడున్నాయిగా. వాటిని నా చేత్తో వెలిగిస్తా. వెలిగాయా, రేపే షెడ్డు తెరుస్తా. వెలగలేదా, ఇక పని నా వల్ల కాదనుకుని షెడ్డు నీకే రాసిస్తా. సరేనా?"

"నీ ఇష్టం అన్నయ్యా."

ఆ కారు వాళ్ళిద్దరికంటే పెద్దది. అన్న స్టీరింగు కింద దూరాడు. ఒక్కో వైరూ వేళ్ళతో తడిమి, చిలుము గీకి, తెగినచోటల్లా అతుకేశాడు.

స్విచ్‌తో ఇంకో తంటా. దాని లోపలి గాడి అరిగిపోయింది. నొక్కి పట్టుకుంటేనే నిలుస్తుంది, వదిలితే వెనక్కొచ్చేస్తుంది. అందుకే అన్న సీట్లో కూర్చున్నాడు. తమ్ముడు కారు వెనక నిలబడ్డాడు.

"ఎడమది?"

"వెలిగింది!"

అన్న మొహం విప్పారింది. "కుడిది?"

"లేదన్నయ్యా."

కారు అంచు పట్టుకుంటూ వెనక్కి వెళ్ళి బల్బు మార్చి వచ్చాడు.

"ఇప్పుడు?"

"ఊహూ."

మళ్ళీ విప్పాడు. మళ్ళీ బిగించాడు. తమ్ముడు ఎండలో నిలబడే ఉన్నాడు. ఒక్కసారైనా విసుక్కోలేదు.

"టిక్కు టిక్కుమంటోందిరా. బల్బు వెలగందే ఈ చప్పుడు రాదే!"

"దానికీ నీ చాదస్తమే అంటుకుంది. నోరే గానీ పని లేదు."

అన్న నవ్వాడు. నవ్వుతూనే ఇంకోసారి విప్పాడు.

మరదలు టీ తెచ్చి బావగారి చేతిలో పెట్టింది.

"నువ్వైనా ఓసారి చూసి చెప్పమ్మా," అని స్విచ్ నొక్కాడు.

ఆమె తడిచెయ్యి తుడుచుకుంటూ కారు వెనక చూసింది. మొగుడి మొహం చూసింది.

"వెలగట్లేదు బావగారూ."

గ్లాసు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అన్న స్విచ్ మీంచి చెయ్యి తీశాడు. రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది.

"ఇవి కూడా పోయాయన్నమాట," అన్నాడు చివరికి. "పోనీలేరా. కాగితం పట్రా."

"తొందరేముంది అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, జేబులోంచి కాగితం తీస్తూ.

నొక్కిన ప్రతిసారీ చక్కగా వెలిగి ఆరిన ఆ కుడి లైటు పైనే, డిక్కీ మీద కాగితం పరిచి, చూపు లేని అన్న వేళ్ళ మధ్య పెన్ను పెట్టి, దాని మొనని తానే సరైన చోటికి జరిపి, తమ్ముడు నూట పది గజాల షెడ్డు రాయించుకున్నాడు.