ఓడ గొంతు

“నమస్కారమండి. ఓషన్... కాదు కాదు, సిల్వర్ కోరల్ నుంచి భార్గవిని. చెప్పండి.”

పేరు మారినప్పటి నుంచీ నాలుక మాట వినడం లేదు. చెన్నై నుంచి కొలంబో తిరిగే ఆ ఓడకి ఇప్పుడు మూడో ఓనరు. ఓనరు మారినప్పుడల్లా రంగు మారింది, పేరు మారింది, కెప్టెన్ మారాడు, చివరికి పొద్దుటి ఉప్మా రుచి కూడా మారింది. మారనిది భార్గవి గొంతొక్కటే. ప్రయాణికులు గదిలో ఫోనెత్తితే అది మోగేది హైదరాబాదు కొత్తగూడలో, ఐదో అంతస్తు ఆఫీసులో, ఆమె చెవిలో. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని మొదటి ఓనరు పెట్టిన నియమాన్ని తర్వాతివాళ్లెవరూ తీసెయ్యలేదు.

పొద్దున్నే టీమ్ లీడర్ వసంత హెచ్చరించింది. “కొత్తోళ్లు మనల్ని ఉంచుతరో, ఇంటికి పంపుతరో ఈ వారమే తేలుస్తరట. జర పైలం. ఒడ్డు మీద ఉన్నమని నోరు జారకు.”

భార్గవికి ఈ ఉద్యోగమంటే ప్రాణం. సముద్రం ముఖం చూడకపోయినా ఆ ఓడని సొంతిల్లులా చూసుకుంటుంది.

“నేను పద్మావతినమ్మా, మాది కాకినాడ,” అంది అవతల గొంతు. “ఓడ ఒకటే ఊగుతోంది. ఒక్కదాన్నే వచ్చాను. భయంగా ఉంది.”

“కదలకుండా పడుకోండి. నిమ్మకాయ వాసన చూస్తే కాస్త నయమండి. నర్సుని పంపిస్తాను.”

“వచ్చి వెళ్లింది. ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తెలుగు మనిషిని కళ్లారా చూస్తే నాకు ధైర్యం. నువ్వెక్కడుంటావు?”

“ఐదో అంతస్తులోనండి,” అంది భార్గవి. అబద్ధమైతే కాదు.

“అయితే నేనే వస్తున్నా. లిఫ్టు ఆపేశారట, మెట్లు దిగుతాను.”

“వద్దండి, పడిపోతారు.”

“మోకాళ్ల నొప్పులే గానీ, కమ్మీ పట్టుకుని దిగుతాలే. ఇంక పెట్టేస్తున్నా.”

పక్కన కూర్చుని వింటున్న వసంత నిజం చెప్పొద్దన్నట్టు తల ఊపింది. ఊగే ఓడలో, మెట్ల మీద, లేని మనిషిని వెతుక్కుంటూ ఒక పెద్దావిడ. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు అనుకుంది భార్గవి.

“ఆగండి పిన్నిగారూ. నేను ఓడలో లేను. హైదరాబాదులో ఉన్నాను, కొత్తగూడలో. మీరు మంచం దిగొద్దు. నిద్రపట్టేదాకా నేను ఫోన్‌లోనే ఉంటాను.”

వసంత నెత్తిన చేతులు పెట్టుకుంది. అవతలి నుంచి చిన్న నవ్వు వినిపించింది.

“ఇలా చెప్పేస్తే నీ ఉద్యోగానికి ముప్పు కాదటమ్మా?”

“ముప్పేనండి. మీరు ముందు పడుకోండి.”

“నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే. పోతే ఆ పనికిమాలిన నియమమే పోతుంది.”

“మీకెలా తెలుసండి?”

“నేనూ ఓడలో లేనమ్మా. మీ దగ్గర్లోనే, నానక్‌రామ్‌గూడలో, కొత్త ఓనరు ఆఫీసులో కూర్చుని మిమ్మల్ని పరీక్షిస్తున్నా.”