పరీక్షకు పంపే కుక్కరు

మా అత్తగారు కుక్కర్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసి ఇవాళే రిటైరయ్యారు. ఓనరు నాలుగు మంచి మాటలు చెప్పి, ఒక కొత్త కుక్కరు చేతిలో పెట్టి పంపించాడు.

నేను ముచ్చటపడి అందులోనే బియ్యం కడిగి పోశాను. స్టవ్ వెలిగించబోతుంటే ఆవిడ గబగబా వచ్చి ఆపారు. మూత తిరగేసి, సేఫ్టీ వాల్వుని గోటితో గీకి చూశారు.

"ఇందులో వండకు. ఉల్లిపాయలు పోసుకో."

"అదేంటత్తయ్యా, మీ ఫ్యాక్టరీదేగా? ప్రభుత్వ ముద్ర కూడా ఉంది."

"ఆ ముద్ర నా చేతిపని చూసి ఇచ్చింది. ఏటా పరీక్షకని ప్రభుత్వ ల్యాబుకి పంపే పన్నెండు కుక్కర్లూ నేనే బిగించేదాన్ని. గట్టి వాల్వు వాటికే. కొట్లకి వెళ్లేవాటికి చవకరకం. నావి ఒక్క ఏడాది కూడా ఫెయిలవలేదు."

ఆ చివరి మాటలో గర్వం వినపడి నాకు ఒళ్లు మండింది.

"పోనీ, మీరు బిగించిందే ఒకటి అడిగి తెచ్చుకోవాల్సింది."

ఆవిడ మూతని మెల్లగా బల్ల మీద పెట్టారు.

"ఎక్కడున్నాయమ్మా అవి? ఎంత ఒత్తిడికి పగులుతాయో చూడాలని ల్యాబువాళ్లు అన్నిటినీ పగలగొట్టేస్తారు. ఇన్నేళ్లలో నేను సరిగ్గా చేసింది ఒక్కటి కూడా ఎవరింట్లోనూ పొయ్యెక్కలేదు."