టవర్ మీది చప్పుడు

పగిలిన ఇన్సులేటర్ పగటిపూట దొరకదు. చీకటి పడ్డాక తీగల కింద నడిస్తే, అది చిటపటమంటూ నీలంగా మెరుస్తుంది. నెల్లికుదురు పొలాల్లో లైన్‌మెన్లు జమీల్, హీర్యా దాన్ని అట్లాగే పట్టుకున్నారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించారు. హీర్యా టవర్ ఎక్కి, కొత్తది బిగించి దిగాడు.

పోయిన వానాకాలం ఇదే టవర్ మీద అతని అన్న ప్రేమ్‌సింగ్ చనిపోయాడు. ఆ ఉద్యోగమే హీర్యాకు వచ్చింది.

కరెంటు ఇప్పించే ముందు కింది మనిషి పానాతో టవర్ కాలు మీద ఒక్కసారి కొట్టాలి. పైన ఎవరైనా ఉంటే తిరిగి కొడతారు. చప్పుడు రాకపోతే అందరూ దిగినట్టు. ప్రేమ్‌సింగ్ పైన ఉన్న రోజు వానలో ఎవరూ కొట్టి చూడకుండానే కరెంటు ఇప్పించారు.

జమీల్ కొట్టాడు. ఇనుము మోగి ఆగింది. కరెంటు లేక పొలాల్లో మోటార్లు కూడా నిశ్శబ్దంగా ఉన్నాయి.

పైనుంచి ఠంగుమని ఒక్క దెబ్బ వినిపించింది.

"పైన ఏమన్న మర్శినవా తమ్మీ?" అన్నాడు జమీల్.

"ఏం మర్వలే అన్నా. నా పానా గిదిగో."

జమీల్ టార్చి పైకి వేశాడు. తెల్లటి ఇన్సులేటర్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ కొట్టాడు. మళ్లీ జవాబు వచ్చింది, ఈసారి మెల్లగా, అలిసిపోయిన చెయ్యి కొట్టినట్టు.

సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "అందరు దిగిండ్రా? లైన్ ఇయ్యాల్నా?"

జమీల్ టార్చి పైకే పట్టి ఉంచాడు. హీర్యా ఫోన్ అందుకున్నాడు.

"జర ఆగుండ్రి సార్," అన్నాడు పైకే చూస్తూ. "మా అన్న ఇంకా దిగలే."