తొంభై తొమ్మిది

"కుడి పక్క కూడా ఉంది సార్."

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

"కుడి పక్క... కింద కూడా ఉంది సార్!"

మార్కులు వేయబోతున్న పెద్ద డాక్టరు చెయ్యి ఆగిపోయింది. మెడికల్ కాలేజీ పిల్లలంతా ఆయన్ని చాటుగా 'గట్టిగా సారు' అంటారు. ఎవరేం చెప్పినా "గట్టిగా చెప్పు" అని కసురుతాడు మరి. ఆ కసురుకే సగం మందికి చదివినదంతా ఆవిరైపోతుంది. ఈ అమ్మాయికి ఇప్పటికి రెండుసార్లు అలాగే అయింది. ఇది మూడోసారి. ఇదీ పోతే ఇంకో ఆరు నెలలు ఇదే వార్డు, ఇవే మంచాలు, తనకన్నా చిన్నవాళ్ల వెనకాల నిలబడి మళ్లీ మొదటినుంచి పాఠం.

"ఎడమ పక్క ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నావు. వేళ్లతో తట్టి చూపించావు. బాగానే ఉంది. అక్కడితో ఆగొచ్చుగా? మూడు రోజుల కిందటి ఎక్స్‌రేలో కుడి పక్క శుభ్రంగా ఉంది. పొద్దున నేనూ విన్నాను. ఏమీ లేదు."

ఆగొచ్చు. సీనియర్లు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపారు కూడా. సారు కేసు కాగితంలో రాసిందే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు అని. అమ్మాయి చెమట పట్టిన అరచేతుల్ని తెల్లకోటుకి తుడుచుకుంది. మళ్లీ పట్టాయి. మళ్లీ తుడుచుకుంది. గోడ గడియారం ప్రకారం ఇంకా నాలుగు నిమిషాలు.

మంచం మీద వీపు చూపిస్తూ కూర్చున్నది ఒక రిటైరైన బస్సు కండక్టరు. పొద్దున్నుంచి ఐదుగురు పిల్లల వేళ్లకి ఆయన వీపు విమానం మోత మోగింది.

"అది కాదు డాక్టరుగారూ, నాకు సరిగ్గా..." అని ఆయన ఏదో అనబోయాడు.

"ష్! పరీక్షలో పేషెంటు మాట్లాడకూడదని చెప్పానా? అనమన్నదే అనాలి" అంది నర్సు. కండక్టరు కిటికీ వైపు తిరిగాడు.

"గుసగుస పరీక్ష చేశాను సార్" అంది అమ్మాయి, గొంతు పెంచి. "తొంభై తొమ్మిది అని గుసగుసగా అనమన్నాను. మిగతా చోట్లంతా ఉత్త గొణుగుడే. వీపున కుడి రెక్క ఎముక కింద మాత్రం చెవిలో చెప్పినట్టు వినిపించింది. ఊపిరితిత్తి గట్టిపడిన చోటే కదా సార్, గుసగుస కూడా మాటకి మాట వినిపించేది! న్యుమోనియా మొదలైంది. ఒళ్లు కూడా కాలిపోతోంది."

"నాకే పాఠం చెబుతున్నావా?"

"కాదు సార్..."

"ఏంటీ?"

"కాదు సార్!"

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "నా దగ్గర ఒక్కటే రూలు. విన్నది విన్నట్టు చెప్పాలి. విననిది విన్నానంటే రేపు పేషెంటు ప్రాణం మీదికి తెస్తావు. అలాంటి వాళ్లని నేను డాక్టర్లని కానివ్వను. రా, నీ స్టెతస్కోపు పెట్టు. పక్కనే నాదీ పెడతాను. ఇప్పుడే తేలిపోతుంది."

రెండు స్టెతస్కోపులూ కండక్టరు వీపు మీద, కుడి రెక్క కింద, పక్కపక్కనే ఆనాయి. ఈ దడలో తన గుండె చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించదేమోనని అమ్మాయికి భయమేసింది.

"పెద్దాయనా, తొంభై తొమ్మిది అనండి. పెదవులు కదిపితే చాలు, గొంతు రాకూడదు" అంది అమ్మాయి.

కండక్టరు కిటికీ వైపు చూస్తూ గుసగుసలాడాడు.

అమ్మాయి ఉలిక్కిపడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెద్ద డాక్టరు కళ్లు మూసుకుని మరీ విన్నాడు. "మళ్లీ అనండి."

కండక్టరు మళ్లీ అన్నాడు. అమ్మాయి పెదవి కొరుక్కుంది.

"చూశావా? ఉత్త గొణుగుడు! తొంభై తొమ్మిదిలో తొంభై కూడా తెలియడం లేదు." ఆయన బల్ల దగ్గరికి వెళ్లి పెన్ను అందుకున్నాడు. "పోనీలే, మూడోసారి వచ్చావు. ఏమీ వినిపించలేదని ఒప్పుకో. ఎడమ పక్క సరిగ్గా చెప్పావు కాబట్టి పాస్ చేసి పంపిస్తాను."

పాస్. ఆ ఒక్క మాట కోసం ఏడాదిగా ఆమె కంటికి సరిగా కునుకు లేదు. తల ఊపితే చాలు, అయిపోతుంది. ఊపబోయింది కూడా. అప్పుడే కండక్టరు దగ్గాడు. చొక్కా తొడుక్కోబోయి, ఆపి, కుడి డొక్క పట్టుకుని ముందుకి వంగిపోయాడు.

ఈయన్ని ఇలాగే వార్డుకి పంపేస్తే రేపటికి ఏమవుతుందో ఆమె పుస్తకంలో చదివింది.

"వినిపించింది సార్."

"గట్టిగా!"

"వినిపించింది సార్!"

"ఏం వినిపించింది? విన్నది విన్నట్టు చెప్పు!"

అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. వార్డంతా వినపడేలా అరిచి మరీ చెప్పేసింది.

"'నొప్పి అక్కడే తల్లీ. ఈయనకి చెవుడు, పాపం' అని వినిపించింది సార్!"